బోరుబావి దగ్గర కలిసే రెండు దారులు

జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధనశాల ఆవరణలో రెండు మీటర్ల ఎత్తున్న నటరాజ విగ్రహం ఉంది. 2004 జూన్‌లో భారతదేశం దాన్ని కానుకగా ఇచ్చింది. పక్కనున్న ఫలకం మీద భౌతిక శాస్త్రవేత్త ఫ్రిట్‌జాఫ్ కాప్రా మాటలు చెక్కి ఉంటాయి. 1975లో వచ్చిన ఆయన పుస్తకం ‘ద టావో ఆఫ్ ఫిజిక్స్’ పరమాణువు లోపలి కదలికను శివతాండవంతో పోల్చి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. అప్పటి నుంచి సైన్సూ ఆధ్యాత్మికతా ఎక్కడ కలుస్తాయని ఎవరడిగినా మాట క్వాంటం వైపు మళ్లుతోంది. ప్రవచనాల్లో అదే, వాట్సాప్‌లో అదే. ఇప్పుడు కనిపెట్టిందంతా ఋషులకు ముందే తెలుసు అన్న మాటతో చర్చ ముగిసిపోతుంది.

ఆ వంతెన బరువు మోయదని నా నమ్మకం. క్వాంటం సిద్ధాంతం బతికేది సమీకరణాల్లో. ప్రయోగశాలలో ఏ అంకె రావాలో అది ముందే చెప్పగలదు, ఆ అంకె రాకపోతే తప్పు ఒప్పుకోవాలి. ఉపనిషత్తు పని అది కాదు, అది ఎన్నడూ ఆ పని తలకెత్తుకోలేదు. రెండింటి మధ్య కనబడే పోలిక చాలా వరకు వర్ణనలో ఉన్న పోలికే. కాప్రా కూడా తర్వాత తన చూపును జీవవ్యవస్థల వైపు తిప్పారు. 1996లో ‘ద వెబ్ ఆఫ్ లైఫ్’, 2014లో పియర్ లూయిజీ లూయిసీతో కలిసి ‘ద సిస్టమ్స్ వ్యూ ఆఫ్ లైఫ్’ రాశారు. తాండవం పోలికకు మన దగ్గర దక్కిన ఆదరణలో పదో వంతు కూడా ఈ మలుపుకు దక్కలేదు. అసలు విషయం అక్కడే ఉంది.

సిస్టమ్స్ థింకింగ్, అంటే వ్యవస్థాగత ఆలోచన, ఒక వస్తువును విడదీసి చూడటంతో ఆగదు. దాని చుట్టూ ఉన్న సంబంధాలను, వాటి గుండా తిరిగే కారణకార్యాలను చూస్తుంది. వియన్నాలో చదువుకున్న జీవశాస్త్రవేత్త లుడ్విగ్ ఫాన్ బెర్టలాన్ఫీ దీనికి శాస్త్ర రూపం ఇచ్చారు. ఆయన ‘జనరల్ సిస్టమ్ థియరీ’ 1968లో వచ్చింది. అంతకు ముందే 1948లో నార్బర్ట్ వీనర్ ‘సైబర్‌నెటిక్స్’ రాసి, ఫీడ్‌బ్యాక్ అన్న భావనకు ప్రాణం పోశారు. చేసిన పని ఫలితం మళ్లీ చేసినవాడి దగ్గరికే తిరిగొచ్చి తర్వాతి పనిని మార్చడమే ఫీడ్‌బ్యాక్. ఈ వీనర్ 1955-56లో కొన్ని నెలలు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండి పాఠాలు చెప్పారు. ఇక ఎమ్‌ఐటీలో జే ఫారెస్టర్ ఇలాంటి వలయాలను కంప్యూటర్‌లో నడిపి చూసే పద్ధతి తయారుచేశారు.

చరిత్ర ఇంత చాలు. ఈ ఆలోచన ఎలా పనిచేస్తుందో తెలియాలంటే పుస్తకం మూసి ఒక బోరుబావి దగ్గరికి వెళ్లాలి.

అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం మెట్ట ప్రాంతాల్లో నేల కింద ఎక్కువగా ఉన్నవి గ్రానైట్, నైస్ రాళ్లు. డెల్టాలో లాగా ఇసుక పొరల్లో నీళ్లు విస్తారంగా నిలిచే వీలు ఇక్కడ లేదు. పైన చివికిన రాతిపొర కొంత, దాని కింద బండల మధ్య పగుళ్లు. నీళ్లు దాగేది ఈ రెండు చోట్లే. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇలాంటి రాతినేలల్లో అందులో సుమారు పదో వంతు కిందికి చేరుతుందని లెక్క వేస్తారు. అంటే 55 మిల్లీమీటర్లు. ఇప్పుడు బోరు కింద ఒక ఎకరం వరి పెట్టారనుకుందాం. పంటకాలం మొత్తానికి పెట్టే నీరు 1200 మిల్లీమీటర్లనుకుంటే, అందులో సగం మళ్లీ నేలలోకే దిగినా, మిగతా 600 మిల్లీమీటర్లు ఆవిరైపోతాయి. 600ను 55తో భాగిస్తే దాదాపు 11 వస్తుంది. ఒక ఎకరం వరి, 11 ఎకరాల్లో ఏడాది పొడవునా ఇంకిన నీటిని తాగేస్తోందన్నమాట. మరి మిగతా పది ఎకరాలు ఎవరివి?

ఈ ప్రశ్న రైతుకు ఎదురుకాకపోవడానికి కారణం ఉంది. మోటబావి ఉన్న రోజుల్లో నీటిమట్టం కంటికి కనిపించేది. నీళ్లు దిగేకొద్దీ ఎద్దులు ఎక్కువ దూరం నడవాలి, తొట్టి ఆలస్యంగా నిండుతుంది, తడిసే మడులు తగ్గుతాయి. బావి తానే రైతును ఆపేది. సిస్టమ్స్ భాషలో ఇది అదుపు చేసే వలయం. బోరు వచ్చాక నీరు కంటికి కనిపించకుండా పోయింది. మీట నొక్కితే నీళ్లు వస్తాయి, ఒకరోజు బోరు ఆగి ఆగి పోస్తుంది, ఇంకొన్నాళ్లకు ఎండిపోతుంది. అప్పుడు రిగ్గు లారీ వస్తుంది. 300 అడుగుల్లో రెండించుల నీళ్లు పడినచోట ఇప్పుడు 600, 800 అడుగులు దించాలి. దానికి అప్పు కావాలి. అప్పు తీరాలంటే డబ్బొచ్చే పంట పెట్టాలి, ఆ పంటకు ఇంకా నీళ్లు కావాలి. నీటిమట్టం ఇంకా దిగుతుంది, పక్క రైతు బోరు ఎండుతుంది, ఆయనా రిగ్గును పిలుస్తాడు. అదుపు చేసే వలయం తెగి, దాని స్థానంలో పెంచే వలయం వచ్చింది. తలో చెక్కుబుక్కు ఉండి, పాసుబుక్కు మాత్రం ఎవరి దగ్గరా లేని ఉమ్మడి ఖాతా ఎలా ఉంటుందో అలా ఉంది ఊరి భూగర్భజలం.

ఇందులో దుర్మార్గుడెవరూ లేరు. ఈ చూపు నేర్పే మొదటి సంగతి అదే. ఆటోమేటిక్ స్టార్టర్‌నే తీసుకోండి. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో, అర్ధరాత్రి చీకట్లో పాముల భయంతో పొలానికి పోలేక రైతు దాన్ని బిగించుకున్నాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. ఆ పరిస్థితిలో అంతకన్నా తెలివైన పని లేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు అదే స్టార్టర్ మరోలా పనిచేయడం మొదలుపెట్టింది. కరెంటు పోదు కాబట్టి మోటారు ఆగదు. స్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వమే రైతులను కోరాల్సి వచ్చింది. మనిషి మారలేదు, పరికరం మారలేదు. వాటి చుట్టూ ఉన్న ఒక్క సంబంధం మారితే మంచి అలవాటు కాస్తా బావిని ఎండబెట్టే అలవాటయింది.

దీన్ని సరిచేయడానికి చట్టం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, వాల్టా, తెచ్చింది. ఊళ్లలో రిగ్గులు ఆగకుండా తిరిగిన తీరు చూస్తే అది ఎంతవరకు అమలైందో వేరే చెప్పనక్కర్లేదు. నాకు అంతకన్నా ఆసక్తి కలిగించింది దాదాపు అదే కాలంలో జరిగిన మరో ప్రయత్నం. ఏడు కరువు జిల్లాల్లో, ఆరువందలకు పైగా ఊళ్లలో, రైతులే భూగర్భజలాన్ని కొలుచుకునే పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. ఊరి రైతులు వర్షమాపకం పెట్టుకుని వాన లెక్క రాశారు. పదిహేను రోజులకోసారి ఎంచుకున్న బావుల్లో నీటిమట్టం కొలిచారు. ఆ అంకెలను ఊరి మధ్య బోర్డు మీద అందరికీ కనబడేలా రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఈ ఏడు ఎంత ఇంకింది, ఎంత తోడాం, ఎంత మిగిలింది, ఎవరు ఏ పంట వేస్తే ఎంత పోతుంది అని లెక్క చూసుకున్నారు. వరి వేయవద్దని ఆజ్ఞ లేదు, వేయనివారికి బహుమతీ లేదు. అయినా చాలాచోట్ల నీళ్లు ఎక్కువ తాగే పంటలు తగ్గాయి. కనబడకుండా పోయిన బావి అడుగు మళ్లీ కనబడింది, అంతే.

దూరదేశంలోనూ ఇలాంటిదే జరిగింది. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర ఒక కాలనీ సంగతి డొనెల్లా మెడోస్ తరచూ చెప్పేవారు. అక్కడ అన్నీ ఒకేలాంటి ఇళ్లు. కొన్నింటిలో కరెంటు మీటరు నేలమాళిగలో ఉంటే, కొన్నింటిలో ముందు గదిలో వస్తూపోతూ కనిపించేచోట ఉంది. కనిపించే ఇళ్లలో కరెంటు వాడకం మూడో వంతు తక్కువ. ధర అదే, మనుషులూ అలాంటివాళ్లే.

మెడోస్ ఎవరో కాస్త చెప్పాలి. జీవభౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసిన శాస్త్రవేత్త ఆమె. 1972లో ప్రపంచాన్ని కుదిపిన ‘ద లిమిట్స్ టు గ్రోత్’ రాసిన బృందంలో మొదటి పేరు ఆమెది. జనాభా, ఆహారం, పరిశ్రమ, కాలుష్యం, తరిగిపోయే వనరులు ఒకదాన్నొకటి ఎలా నెడతాయో కంప్యూటర్ నమూనాతో చూపిన పుస్తకం అది. 1999లో ఆమె ఒక వ్యాసంలో, ఒక వ్యవస్థను మార్చాలంటే ఎక్కడ చెయ్యి పెట్టాలో పన్నెండు చోట్లు వరుసగా చెప్పారు. మనం ఎక్కువగా కొట్లాడుకునే పన్నులు, రాయితీలు, అంకెలు ఆ వరుసలో అట్టడుగున ఉన్నాయి. వాటికన్నా సమాచారం ఎవరికి చేరుతోందన్నది బలమైనది. ఆపైన నియమాలు, ఆపైన వ్యవస్థ లక్ష్యం. దాదాపు శిఖరాన, ఆ వ్యవస్థ పుట్టుకొచ్చిన మూలదృష్టి. అన్నిటికన్నా పైన, ఏ దృష్టినీ చివరి సత్యమని పట్టుకోకుండా వదలగలిగే శక్తి. ఆ చివరి మెట్టు గురించి చెబుతూ బౌద్ధులు జ్ఞానోదయం అనేది ఇదేనని ఆమె రాశారు. లెక్కలతో మొదలుపెట్టిన శాస్త్రవేత్త లెక్కల దారిలోనే నడిచి ఆ గుమ్మం దాకా వెళ్లారు. వంతెన అంటూ ఉంటే ఇలా ఉండాలి.

బోర్డు మీద అంకె కనబడగానే అంతా చక్కబడదని మన ఊళ్లే చూపించాయి. ఆ పథకం ముగిశాక కొలతలు అన్నిచోట్లా సాగలేదు. బోర్డు మీద అంకె చూసిన రైతు మనసులో ‘నేను ఆపితే పక్కవాడు తోడుకుంటాడు’ అన్న మాట అలాగే ఉంటే, ఆ అంకె అతన్ని ఇంకా తొందరపెడుతుంది. వ్యవస్థను చూసే మనిషి ఆ వ్యవస్థ బయట లేడు. అతని భయం, ఆశ, ‘నాది’ అనే పట్టు కూడా ఆ వలయంలో భాగాలే. వాటిని కొలిచే పరికరం హైడ్రాలజీలో లేదు. మన ఆధ్యాత్మిక సంప్రదాయాలు వేల ఏళ్లుగా పనిచేసింది ఈ చోటే.

భగవద్గీత రెండో అధ్యాయం చివర్లో ఒక గొలుసు ఉంది. విషయాన్నే తలుచుకుంటూ ఉంటే తగులం పుడుతుంది, తగులం కోరికవుతుంది, కోరిక కోపమవుతుంది, కోపంలో మతి తప్పుతుంది, జ్ఞాపకం చెదురుతుంది, చివరికి వివేకం నశిస్తుంది. వివేకం పోయినవాడు మళ్లీ తలుచుకునేది ఆ విషయాన్నే కదా. అలా గొలుసు వలయమవుతుంది. పతంజలి యోగసూత్రాలకు వ్యాసభాష్యం దీన్ని ఇంకా నేరుగా చెబుతుంది. మనసులో లేచే వృత్తులు సంస్కారాలను మిగుల్చుతాయి, ఆ సంస్కారాలు మళ్లీ వృత్తులను లేపుతాయి, ఈ చక్రం రాత్రింబగళ్లు తిరుగుతూనే ఉంటుంది. ఫోనులో ఒక వీడియో చూస్తే అలాంటివే పది వచ్చి, అవి చూసినందుకు మరో వంద వచ్చే ఈ రోజుల్లో దీనికి వ్యాఖ్యానం అవసరం లేదు.

గీత మూడో అధ్యాయంలో మరో చక్రం ఉంది. అన్నం వల్ల ప్రాణులు, వాన వల్ల అన్నం, యజ్ఞం వల్ల వాన, కర్మ వల్ల యజ్ఞం. తీసుకున్నదానికి తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగ అని ఆ అధ్యాయం ఏ మొహమాటమూ లేకుండా అంటుంది. ఇక్కడ జాగ్రత్తగా నడవాలి. హోమం చేస్తే వాన పడుతుందని దీన్ని వాతావరణ శాస్త్రంగా చదివితే రెండు వైపులా నష్టమే. ఇచ్చిపుచ్చుకునే నీతిగా చదివితే మాత్రం 11 ఎకరాల లెక్క పక్కన ఇది సూటిగా నిలుస్తుంది. ఒక నిల్వలోకి వచ్చేదానికన్నా పోయేది ఎక్కువైతే ఆ నిల్వ ఖాళీ అవుతుందని శాస్త్రం చెబుతుంది. ఇంకిందానికన్నా ఎక్కువ తోడినవాడు ఎవరి వాటా తీసుకున్నాడని గీత అడుగుతుంది. మొదటిది తెలియకపోతే రెండోది ఉపన్యాసంగా మిగులుతుంది. రెండోది అడగకపోతే మొదటిది ఎవరినీ కదిలించని నివేదికవుతుంది.

తెలుగువారికి ఈ చర్చలో పుట్టింటి హక్కు ఉంది. సుమారు రెండో శతాబ్దంలో జీవించిన నాగార్జునాచార్యుడు శాతవాహన రాజుకు లేఖ రాశాడని, శ్రీపర్వతంలో ఉన్నాడని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. కృష్ణా లోయలోని నాగార్జునకొండకు ఆయన పేరే నిలిచింది. సాగర్ జలాశయంలో ఆ లోయ మునిగేలోపు 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండ మీద దీవిలో భద్రపరిచారు. నాగార్జునుడి ‘మూలమధ్యమకకారిక’ నిలబడింది బుద్ధుడు చెప్పిన ప్రతీత్యసముత్పాదం మీద. ఏదీ తనంతట తాను పుట్టదు, ఏదీ తన సొంత స్వభావంతో ఒంటరిగా నిలవదు, ప్రతిదీ మరికొన్నింటిని ఆధారం చేసుకుని ఉంటుంది. ఆయన శూన్యం అన్నది ఈ స్థితినే. ఏమీ లేదని దాని అర్థం కాదు. 1960లలో ఉత్తర భారతంలో టిబెట్ శరణార్థుల మధ్య పనిచేసిన అమెరికన్ పండితురాలు జోవానా మేసీ, బౌద్ధంలోని ఈ పరస్పర కారణత్వాన్నీ సిస్టమ్స్ సిద్ధాంతాన్నీ పక్కపక్కన పెట్టి 1991లో ఒక పుస్తకమే రాశారు. ఈ పోలిక మీద జరిగిన గట్టి పనుల్లో అదొకటి.

‘నా బోరు’ అన్న మాటను ఈ చూపుతో పరీక్షించండి. పైనున్న చెరువు నిండితే అందులో నీరుంటుంది, పూడిక తీయకపోతే ఉండదు. పక్కవాడి మోటారు తిరుగుతుంటే తగ్గుతుంది. బోరు నడిచేటప్పుడు దాని చుట్టూ నీటిమట్టం గరాటు ఆకారంలో కుంగుతుంది, రెండు బోర్ల గరాట్లు తాకితే ఇద్దరికీ నీళ్లు తగ్గుతాయి. ఇది హైడ్రాలజీ పాఠం. బోరు తవ్విన డబ్బు నాది, కేసింగ్ పైపు నాది. నీళ్లు మాత్రం ఏ ఒక్కరివీ కావు. అనంతపురం జిల్లాలో కొన్ని ఊళ్లలో బోర్లున్న రైతులు ఇది గ్రహించి, కొత్త బోర్లు వేయకూడదని ఒప్పందం చేసుకుని, ఉన్న నీళ్లను పైపులతో బోరు లేని పొలాలకూ ఇచ్చారు. వాళ్లలో ఎంతమంది నాగార్జునుడి పేరు విన్నారన్నది ముఖ్యం కాదు. ఆ చూపు చేతల్లో ఎలా ఉంటుందో వాళ్లు చూపించారు.

ఇంత చెప్పాక రెండు ప్రమాదాల గురించి చెప్పకపోతే తప్పవుతుంది. మొదటిది, అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయన్న మాటను పరీక్షకు అందని ఏ నమ్మకానికైనా కవచంగా వాడుకోవడం. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తూ, అది లేచి నిలబడ్డచోట బోరు పాయింటు చూపించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ పాయింటును నమ్మి లక్షల అప్పు చేసిన కుటుంబాలున్నాయి. వ్యవస్థాగత ఆలోచన దీన్ని సమర్థించదు. తప్పిన పాయింట్ల లెక్క కూడా బోర్డు మీద రాయమంటుంది.

రెండోది ఇంకా పెద్దది. ప్రతిదానికీ కారణముంది, నీ కష్టానికి కారణం నీ పూర్వజన్మే అని చెప్పి నోరు మూయించడం ఈ దేశంలో చాలాకాలం సాగింది. అన్నీ కారణాలతో పుట్టినవే అయితే వాటిని మార్చవచ్చని కదా అర్థం! బుద్ధుడి కారణవాదం దుఃఖాన్ని భరించమనలేదు, దాని మూలం వెతికి తెంచమంది. మరణానంతరం 1957లో వెలువడిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో అంబేద్కర్ పూర్వజన్మ కర్మ భావనను అంత గట్టిగా ప్రశ్నించింది అందుకే. ఊళ్లో ఎవరికి బోరుంది, ఎవరి భూమి చెరువు కింద ఉంది, ఎవరికి అసలు భూమే లేదు అన్నవి కూడా వ్యవస్థలోని సంబంధాలే. వాటిని వదిలేసి గీసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా అబద్ధం.

అందుకే సైన్సు ఆధ్యాత్మికతను రుజువు చేయాలనీ, ఆధ్యాత్మికత సైన్సుకు ముందే అన్నీ చెప్పేసిందనీ వాదించడంలో నాకు ఆసక్తి లేదు. ఒకటి కొలుస్తుంది, తప్పయితే దిద్దుకుంటుంది. మరొకటి కొలిచేవాడి ‘నేను’ను పరీక్షకు పెడుతుంది. భూగర్భజలం లాంటి సమస్య ఈ రెండు పనులూ ఒకేసారి అడుగుతుంది. ఏ ఒక్కటి తగ్గినా బోరు ఎండుతుంది.

మీకు పొలంలోనో ఇంటిదగ్గరో, అపార్ట్‌మెంట్‌లోనో బోరు ఉంటే ఒక పని చేయండి. నెలకోసారి, రాత్రంతా మోటారు ఆపి, తెల్లవారాక మోటారు వేయకముందే కేసింగ్ పైపు సందులోంచి బరువు కట్టిన టేపు దించి నీటిమట్టం కొలవండి. తేదీతో సహా మోటారు గది గోడ మీద అందరికీ కనబడేలా రాయండి. పక్కవారిని కూడా రాయమని అడగండి. రబీ విత్తనం కొనే ముందు ఆ అంకెలు పక్కపక్కన పెట్టుకుని, ఆ 11 ఎకరాల లెక్క అందరూ కలిసి ఒకసారి వేయండి.